చాక్లెట్టు తిన్న కుక్క: ఒక విషం కథ

జిల్లేడు ఆకును పశువులు సాధారణంగా ముట్టవు. అదే ఆకును తిని ఒక జాతి సీతాకోకచిలుక గొంగళిపురుగులు నిక్షేపంగా పెరుగుతాయి. ఒకే పదార్థం ఒక ప్రాణికి అన్నమూ, మరొక ప్రాణికి విషమూ కావడం ప్రకృతిలో కొత్త సంగతి కాదు. అడవిలో తిరిగే జంతువు ఏది తినవచ్చునో, ఏది తినరాదో తరతరాల మనుగడలో చాలావరకు నేర్చుకొని ఉంటుంది. చిక్కంతా మనిషి ఇంట చేరిన జంతువులకే. మనిషి వండినదీ, మనిషి కొన్నదీ, వేల మైళ్ళ నుంచి మనిషి తెప్పించుకొన్నదీ వాటి ముందుకు వస్తుంది. వాటి పూర్వులు దానిని ఎరుగరు. కుక్క చాక్లెట్టు తిని ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఇట్టి చిక్కులలో ఒకటి.

పండుగకో పుట్టినరోజుకో ఇంటికి వచ్చిన చాక్లెట్టు పెట్టె బల్లమీద ఉంటుంది. ఇంటివారు బయటికి పోయి తిరిగి వచ్చేసరికి పెట్టె చిరిగి, మెరుపుకాగితాలు నేలమీద చెదిరి ఉంటాయి. కుక్క మాత్రం తోక ఊపుతూ ఎదురువస్తుంది. దానికేమీ కాలేదు కదా అని ఇంటివారు నవ్వుకొంటారు. అసలు ఆపద ఇక్కడే ఉన్నది. విషలక్షణాలు పూర్తిగా బయటపడడానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. మొదట దాహం, వాంతులు, ఒకచోట నిలవలేక తిరగడం, మాటిమాటికీ మూత్రం. తరువాత గుండె వేగం హెచ్చడం, కండరాలు వణకడం. తిన్నది మరీ ఎక్కువైతే మూర్ఛలు, గుండె లయ తప్పడం, చివరకు మరణం. ఇంటివారు నవ్వుకొన్న ఆ గంటలే చికిత్సకు అన్నిటికంటె అనువైన గంటలు. ఈ చిన్న సంగతి రూఢిగా తెలియడానికి దాదాపు రెండువందల సంవత్సరాలు పట్టింది.

బ్రోమిన్ లేని థియోబ్రోమిన్

చాక్లెట్టుకు మూలమైన కోకో చెట్టు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలది. మాయా, అజ్టెక్ జాతులవారు దాని గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి నూరేవారు. ఆ ముద్దను నీటిలో కలిపి, నురుగు తేలేటట్లు చేసి త్రాగేవారు. అది చేదు పానీయం. గింజలు నాణేలుగా కూడ చెల్లేవి. 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థుల ద్వారా ఈ పానీయం ఐరోపా చేరి, అక్కడ చక్కెరతో పొత్తు కలిపింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ చెట్టుకు ‘థియోబ్రోమా కకావ్’ అని నామకరణం చేశాడు. గ్రీకు భాషలో ‘థియోస్’ అంటే దేవుడు, ‘బ్రోమా’ అంటే ఆహారం. పేరు పెట్టిన పెద్దమనిషి ఆ దేవతల నైవేద్యం కుక్కలకు పనికిరాదని ఊహించి ఉండడు.

1841లో అలెగ్జాండర్ వస్క్రెసెన్‌స్కీ అనే రష్యా రసాయనశాస్త్రజ్ఞుడు కోకో గింజల నుంచి చేదైన తెల్లని స్ఫటికాలను వేరు చేశాడు. ఆయన జర్మనీలో లీబిగ్ మహాశయుని వద్ద పనిచేసి వచ్చినవాడు. తరువాత సెయింట్ పీటర్స్‌బర్గులో ఆయన వద్ద చదివిన శిష్యులలో ఒకడు ఆవర్తన పట్టికను నిర్మించిన మెండలీవ్. రష్యా రసాయనశాస్త్రానికి తాతగారని ఆయనను ఆ దేశంవారు పిలుచుకొన్నారు. కొత్త పదార్థానికి చెట్టు పేరునుబట్టి థియోబ్రోమిన్ అని పేరు వచ్చింది. విద్యార్థులు ఇక్కడ పొరబడే అవకాశం ఉన్నది. థియోబ్రోమిన్‌లో బ్రోమిన్ అనే మూలకం ఒక్క పరమాణువైనా లేదు. 1826లో బలార్డు కనుగొన్న ఆ మూలకం పేరు దుర్గంధమనే అర్థం గల ‘బ్రోమోస్’ అనే వేరొక గ్రీకు మాట నుంచి వచ్చింది. ఒకటి అన్నం, ఒకటి కంపు. రెండు మాటలూ వినడానికి అన్నదమ్ములవలె ఉన్నా వాటికి చుట్టరికం లేదు.

థియోబ్రోమిన్‌కు నిజమైన చుట్టం కాఫీలో ఉన్నది. 1819లో రూంగె అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కాఫీ గింజల నుంచి కెఫీన్‌ను వేరు చేశాడు. ఆ గింజలను ఆయనకు ఇచ్చి పరీక్షించమన్నవాడు మహాకవి గోథే. 1861లో స్ట్రెకర్ అనే శాస్త్రజ్ఞుడు థియోబ్రోమిన్‌కు ఒక మిథైల్ సముదాయాన్ని అతికించి దానిని కెఫీన్‌గా మార్చాడు. దీనితో రెండింటి బంధుత్వం బయటపడింది: కెఫీన్‌లో మూడు మిథైల్ సముదాయాలు, థియోబ్రోమిన్‌లో రెండు. 1882లో ఎమిల్ ఫిషర్ క్సాంథీన్ అనే పదార్థంతో మొదలుపెట్టి థియోబ్రోమిన్‌ను ప్రయోగశాలలోనే తయారు చేశాడు. చక్కెరల మీదా, ఈ వర్గపు పదార్థాల మీదా చేసిన కృషికి ఆయనకు 1902లో నోబెల్ బహుమానం లభించింది. ఈ సంగతి ముందు ముందు అవసరమవుతుంది. ఎందుకంటే స్ట్రెకర్ అతికించినట్టి మిథైల్ సముదాయాలను ఒక్కొక్కటిగా ఊడదీసే పనినే జంతువుల కాలేయం చేస్తుంది. కుక్క కాలేయానికి ఆ పనిలో చురుకు తక్కువ.

19వ శతాబ్దం చివరి భాగంలో వైద్యులు థియోబ్రోమిన్‌ను మందుగా వాడారు. ఒంటికి నీరు పట్టిన రోగులకు మూత్రం జారీ కావడానికి దీని లవణాన్ని ఇచ్చేవారు. అంటే ఈ పదార్థం గుండె మీదా, మూత్రపిండాల మీదా గట్టిగా పనిచేస్తుందని వైద్యలోకానికి అప్పటికే తెలుసు. కాని అది మిఠాయి దుకాణంలో కూడ ఉన్నదనీ, మిఠాయి దుకాణం నుంచి ఇంటికి వచ్చినది ఇంటి కుక్క నోట పడగలదనీ ఆలోచించినవారు కనిపించరు. తెలిసిన విషయమే తెలియవలసినచోట తెలియకపోవడం శాస్త్రచరిత్రలో తరచు జరిగే పని.

పీల్చిన పిప్పిలో మిగిలినది

చాక్లెట్టు చాలాకాలం పానీయంగానే ఉన్నది. గిన్నెలో వేడివేడిగా ఉన్న ఖరీదైన చేదు పానీయం కుక్క నోటికి అందేది తక్కువ. 1828లో నెదర్లండ్స్‌లో వాన్ హూటెన్ కుటుంబంవారు కోకో ముద్దను యంత్రంలో అదిమి, అందులోని వెన్నను చాలావరకు పిండి తీసే పద్ధతికి హక్కు పొందారు. వెన్న తీయగా మిగిలిన పిప్పిని పొడి చేస్తే అదే కోకో పొడి. 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఫ్రై కంపెనీవారు ఆ వెన్ననే తిరిగి కోకోతో, చక్కెరతో కలిపి కొరికి తినే చాక్లెట్టు బిళ్ళను తయారు చేశారు. 1875 ప్రాంతంలో స్విట్జర్లండులో డేనియల్ పీటర్ పాల చాక్లెట్టును తెచ్చాడు. అప్పటి నుంచి చాక్లెట్టు పిల్లల జేబులలోకీ, సోఫాల మీదికీ, కుక్క ముక్కు అందే ఎత్తుకీ దిగింది.

ఈ చరిత్ర ఊరికే చెప్పినది కాదు. వెన్నను పిండినప్పుడు థియోబ్రోమిన్ వెన్నతో పోదు. చాలావరకు పిప్పిలోనే ఉండిపోతుంది. అందుచేత కోకో పొడిలో అది అన్నిటికంటె ఎక్కువ: ఒక గ్రాముకు సుమారు 28 మిల్లీగ్రాములు. చక్కెర కలపని వంటచాక్లెట్టులో గ్రాముకు 14 నుంచి 16. నల్లని చాక్లెట్టులో 5. పాలూ, చక్కెరా కలిపి పలచబరచిన పాల చాక్లెట్టులో 2. ఇక తెల్ల చాక్లెట్టు కేవలం కోకో వెన్నతో చేసినది కనుక అందులో థియోబ్రోమిన్ లెక్కకు రానంత స్వల్పం. అయినా దాని కొవ్వు కుక్క కడుపునూ, క్లోమాన్నీ బాధించవచ్చు. తయారీని బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి.

పశువైద్యులు సాధారణంగా అనుసరించే హద్దులు ఇవి: కుక్క బరువులో కిలోగ్రాముకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, విరేచనాలు, చిరాకు, 40 నుంచి 50 దాటితే గుండె మీద ప్రభావం, 60 దాటితే మూర్ఛలు. పది కిలోల కుక్క వంద గ్రాముల పాల చాక్లెట్టు తిన్నదనుకొందాం. అందులో ఉన్నది 200 మిల్లీగ్రాములు, కిలోకు 20. హద్దు మీద నిలిచింది. అదే వంద గ్రాములు నల్ల చాక్లెట్టు అయితే కిలోకు 50, గుండెకు ముప్పు. చక్కెర లేని వంటచాక్లెట్టు యాభై గ్రాములే తిన్నా కిలోకు 70 నుంచి 80. కోకో పొడి పాతిక గ్రాములు చాలు, కిలోకు 70 అవుతుంది. అరవై కిలోల మనిషి ఆ నల్ల చాక్లెట్టు వంద గ్రాములూ తిన్నా కిలోకు ఎనిమిది మిల్లీగ్రాములే. పైగా ఆ ఎనిమిదీ అతని ఒంటిలో ఎంతోసేపు నిలవవు. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో వేయించవచ్చు. మోతాదుకూ బరువుకూ గల సంబంధం ఇంతకంటె సులభంగా పట్టుబడే ఉదాహరణ అరుదు.

కాలేయం నిదానం

మనిషి రక్తంలో చేరిన థియోబ్రోమిన్ సగానికి తగ్గడానికి సుమారు ఏడు గంటలు పడుతుంది. కొందరిలో కొంచెం ఎక్కువ. కుక్కలో అదే పనికి పదిహేడున్నర గంటలు కావాలి. పదిహేడున్నర గంటలు గడిచేటప్పటికి మనిషి ఒంటిలో సుమారు ఆరో వంతు మిగిలితే, కుక్క ఒంటిలో ఇంకా సగం ఉంటుంది. మర్నాటికీ పావు వంతు ఉంటుంది. ఉదయం ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క పెడితే అవి ఒకదానిమీద ఒకటి పేరుకొంటాయి. అంతే కాక, కాలేయం నుంచి పైత్యరసంతో పేగులలోకి దిగిన థియోబ్రోమిన్ కొంత తిరిగి రక్తంలోకి చేరుతుంది. మూత్రాశయంలో నిలిచినది కూడ దాని గోడల గుండా వెనక్కి పీల్చుకోబడుతుంది. ఇంట్లో నుంచి వెళ్ళగొట్టిన దొంగ పెరటిగుమ్మం గుండా మళ్ళీ వచ్చినట్లు. బాధ కొన్ని కుక్కలలో మూడు రోజుల దాకా సాగడానికి ఇదే కారణం.

అది చేసే హాని ఎట్టిది? శరీరం పనిచేసేకొద్దీ అడినోసిన్ అనే పదార్థం పోగుపడుతుంది. అది గుండెను నిదానపరుస్తుంది, మెదడును విశ్రాంతికి పిలుస్తుంది. కణాల మీద దానికి కొన్ని ప్రత్యేక స్థానాలు ఉన్నాయి. థియోబ్రోమిన్, కెఫీన్ అణువులు అడినోసిన్‌ను కొంత పోలి ఉండడం వల్ల ఆ స్థానాలలో చేరి, బస్సులో తువాలు వేసి సీటు ఆపుకొన్నట్లు, అడినోసిన్‌ను కూర్చోనివ్వవు. ఆపేవాడు లేని బండి వలె గుండె పరుగెత్తుతుంది, కండరాలు బిగుసుకొంటాయి. కప్పు కాఫీ త్రాగిన మనిషికి కలిగే హుషారూ ఈ జాతి పనే. కుక్కలో అది హుషారు దగ్గర ఆగదు.

యుద్ధం, దాణా, పత్రికలు

థియోబ్రోమిన్ జంతువులకు విషమన్న సంగతి మొదట కుక్కల వల్ల కాక పొలం జంతువుల వల్లనే ఎక్కువగా ప్రచారంలోకి వచ్చింది. చాక్లెట్టు పరిశ్రమ పెరిగినకొద్దీ గింజల పొట్టు గుట్టలుగా పడింది. ప్రపంచయుద్ధాల కాలంలో ఐరోపాలో దాణా కరవైనప్పుడు ఆ పొట్టును గుర్రాలకూ, పశువులకూ, కోళ్ళకూ మేపి చూశారు. జంతువులు జబ్బుపడ్డాయి, కొన్ని చచ్చాయి. 1943లో కోకో వ్యర్థాన్ని కోళ్ళకు మేపిన అనుభవం బ్రిటిష్ పశువైద్య పత్రికలో అచ్చయింది. 2008లో ఐరోపా ఆహారభద్రతా సంస్థ పశువుల దాణాలో థియోబ్రోమిన్‌ను గురించి సమగ్రమైన నివేదిక వెలువరించింది. ఇక పందెపు గుర్రాలలో థియోబ్రోమిన్ నిషిద్ధ పదార్థం. మూత్రంలో ఒక హద్దు దాటి కనిపిస్తే గెలిచిన గుర్రం కూడ ఓడినట్లే. 1979లో ఇంగ్లండులో ఒక గుర్రం, దానిని చూసుకొనే కుర్రవాని చాక్లెట్టు బిళ్ళను నోట కరచుకొన్న పాపానికి గెలిచిన పందెం పోగొట్టుకొన్నది.

కుక్కల విషయం వైద్యపత్రికలలో విడివిడి కేసులుగా ప్రవేశించింది. 1970, 1980 దశకాలలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఒక్కొక్క కుక్క కథ అచ్చయింది: ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని గంటలకు ఏమయింది. ఇట్టి నివేదికలు చదవడానికి ఆకర్షణీయంగా ఉండవు. కాని పైన చెప్పిన హద్దులకు పునాది అవే. చనిపోయిన కుక్క యజమాని చెప్పిన వివరాలను ఓపికగా వ్రాసుకొన్న వైద్యుడు లేకపోతే తరువాతి కుక్కకు మోతాదు లెక్కకట్టే ఆధారం ఉండేది కాదు. 1978లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో జంతువుల విషబాధలకు టెలిఫోనులో సలహా చెప్పే కేంద్రం ఏర్పడింది. 1996లో దానిని అక్కడి జంతుహింసా నివారణ సంఘం తన చేతికి తీసుకొన్నది. వేలాది ఫోనుల నుంచి పోగైన సమాచారం విడికేసులను గణాంకాలుగా మార్చింది.

బ్రిటన్‌లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వారు అనేక పశువైద్యశాలల కంప్యూటర్ రికార్డులను జల్లెడపట్టి 2017లో ఒక విషయం ప్రకటించారు. చాక్లెట్టు తిని వైద్యశాలకు వచ్చే కుక్కల కేసులు మామూలు రోజులకంటె క్రిస్టమస్ రోజులలో నాలుగు రెట్లకు పైగా, ఈస్టర్ రోజులలో సుమారు రెండు రెట్లు ఎక్కువ. మన ఊళ్ళలో దీపావళికి మిఠాయి పొట్లాల పక్కన చాక్లెట్టు పెట్టెలు కూడ చేరుతున్నవి కనుక ఈ లెక్క పరాయి దేశానిదని త్రోసివేయడానికి లేదు.

ఇదే జ్ఞానాన్ని తలకిందులు చేసి వాడచూచినవారూ ఉన్నారు. కుక్క జాతికి దగ్గరి చుట్టమైన కొయోటీ అమెరికాలో గొర్రెల మందల మీద పడుతుంది. థియోబ్రోమిన్, కెఫీన్‌ల మిశ్రమంతో దానిని చంపవచ్చునా అని అక్కడి ప్రభుత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన 2005లో వెలువడింది.

వాంతి మందు పుట్టుక

విషం కడుపులో ఉండగానే బయటికి తెప్పించడం ప్రాచీన వైద్యులందరూ ఎరిగిన ఉపాయం. కాని నమ్మకంగా, ఒక్క సూదితో, కొద్ది నిమిషాలలో వాంతి చేయించే మందు 1869 దాకా లేదు. ఆ సంవత్సరం లండనులో మాతీసెన్, రైట్ అనే ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు మార్ఫీన్‌ను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, మూసిన గొట్టంలో వేడిచేశారు. మార్ఫీన్ అణువు నుంచి ఒక నీటి అణువు ఊడిపోయి కొత్త పదార్థం ఏర్పడింది. దానికి అపోమార్ఫీన్ అని పేరు పెట్టారు. అది మనిషిలోనూ కుక్కలోనూ అతి స్వల్ప మోతాదులో వాంతి కలిగిస్తుందని అదే సంవత్సరం శామ్యూల్ గీ అనే వైద్యుడు వివరించాడు. నొప్పిని తగ్గించే తల్లి కడుపున వాంతి తెప్పించే బిడ్డ పుట్టడం ఆనాటివారికి వింతగానే తోచి ఉంటుంది.

ఈ మందు కడుపును తాకి వాంతి తెప్పించేది కాదు. అది రక్తం ద్వారా మెదడు అడుగుభాగానికి పోయి, అక్కడి నుంచి ఆజ్ఞ ఇప్పిస్తుంది. 1950 ప్రాంతంలో అమెరికాలో వాంగ్, బోరిసన్ అనే శాస్త్రజ్ఞులు, మెదడులోని ఒక చిన్న ప్రదేశాన్ని తొలగించిన కుక్కలకు అపోమార్ఫీన్ ఇస్తే వాంతి కాదని నిరూపించారు. రక్తంలోని విషాలను పసికట్టే కాపలాదారు ఆ ప్రదేశమే. చాక్లెట్టు తిన్న కుక్కను కాపాడే జ్ఞానంలో ఎక్కువ భాగం ప్రయోగశాలలో ప్రాణాలు వదలిన కుక్కల నుంచే వచ్చిందన్న సంగతి దాచవలసిన పని లేదు.

అపోమార్ఫీన్ నేటికీ కుక్కలకు వాడుకలో ఉన్నది. మనుషులలో పార్కిన్‌సన్ వ్యాధికి మందుగా దానికి రెండో జీవితం లభించింది. 2020లో అమెరికాలో రోపినిరోల్ అనే మందును కుక్క కంట్లో చుక్కలుగా వేసి వాంతి చేయించడానికి అనుమతి లభించింది. కుక్కకు వాంతి సులభంగా రావడం ఇక్కడ దాని అదృష్టం. గుర్రమూ, ఎలుకా వాంతి చేసుకోలేవు. చాక్లెట్టు కడుపులో కరగి ముద్దగా అంటుకొని కొన్ని గంటలు కదలకుండా ఉంటుంది. అందుచేత తక్కిన విషాలకంటె దీని విషయంలో వాంతి చేయించడానికి వ్యవధి కొంత ఎక్కువ దొరుకుతుంది.

బొగ్గు చేసే ఉపకారం

వాంతిలో రానిది పేగులలోకి పోతుంది. దానిని పట్టుకొనేది బొగ్గు. 1785లో సెయింట్ పీటర్స్‌బర్గులో లోవిట్జ్ అనే ఔషధకారుడు బొగ్గుపొడి ద్రావణాల మలిన వర్ణాన్ని పీల్చివేస్తుందని గమనించాడు. చక్కెర శుద్ధి చేసేవారు ఆ గుణాన్ని అందిపుచ్చుకొన్నారు. విషాలకు కూడ అది పనికివస్తుందని వాదించిన టూరీ అనే ఫ్రెంచి ఔషధకారుడు, 1831లో పారిస్ విద్వత్సభ ఎదుట మనిషిని చంపగల మోతాదుకు అనేక రెట్లు స్ట్రిక్‌నీన్ విషాన్ని బొగ్గుపొడితో కలిపి మ్రింగి, చెక్కుచెదరకుండా నిలబడ్డాడని వైద్యులు చెప్పుకొంటారు. ఆయన ధైర్యాన్ని మెచ్చుకోవచ్చు, అనుకరించరాదు.

నేడు వైద్యశాలలో వాడేది పొయ్యిలోని బొగ్గు కాదు. ప్రత్యేకంగా కాల్చి, ఆవిరి మొదలైన వాటితో లోపల లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు చేసిన ఉత్తేజిత బొగ్గు. అట్టి బొగ్గు ఒక గ్రాము లోపలి ఉపరితలాన్ని పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, అంటే పావెకరం నేల అవుతుంది. విషపు అణువులు ఆ గోడలకు అంటుకొని మలంతో బయటికి పోతాయి. థియోబ్రోమిన్ పైత్యరసంతో పేగులలోకి మళ్ళీ మళ్ళీ దిగుతుందని పైన చూశాం. అందువల్ల వైద్యుడు ఒక్కసారితో ఆగక, కొన్ని గంటలకొకసారి తిరిగి బొగ్గు ఇవ్వవచ్చు. పెరటిగుమ్మం దగ్గర కాపలా పెట్టడం వంటిదే ఇది. స్పృహ తప్పిన కుక్కకూ, వణకుతున్న కుక్కకూ ఇంట్లో బొగ్గునీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయి విషంకంటె ముందే చంపగలవు.

ఇంటివారి పని, వైద్యుని పని

చాక్లెట్టు విషానికి సూటిగా విరుగుడు మందు లేదు. ఉన్నదల్లా త్వరగా బయటికి తీయడం, మిగిలినదాన్ని పట్టి ఉంచడం, శరీరం తనంతట తాను దానిని వదిలించుకొనేదాకా గుండెనూ నాడులనూ కాపాడడం. వైద్యుడు నరంలోకి ద్రవం ఎక్కిస్తాడు. మూత్రం నిలవకుండా చూస్తాడు, ఎందుకంటే నిలిచిన మూత్రం నుంచి విషం తిరిగి లోపలికి పోతుంది. మూర్ఛలకు డయజిపామ్ వంటి మందులు, గుండె మరీ పరుగెత్తితే దానిని నిదానపరచే మందులు ఇస్తాడు. లక్షణాలు కనిపించకముందే వచ్చిన కుక్కలలో అత్యధికం కోలుకొంటాయి.

ఇంటివారు చేయగలిగిన మేలు ముఖ్యంగా సమాచారం. తిన్నది ఏ రకం చాక్లెట్టు, సుమారు ఎన్ని గ్రాములు, ఎప్పుడు తిన్నది, కుక్క బరువెంత: ఈ నాలుగూ తెలిస్తే వైద్యుడు పై లెక్కను రెండు నిమిషాలలో వేయగలడు. చిరిగిన పొట్లాం కాగితాన్ని పారవేయక వెంట తీసుకొనిపోవాలి. చక్కెర లేని చాక్లెట్టు అయితే మరీ తొందరపడాలి. అందులో తీపికోసం వేసే జైలిటాల్ కుక్క రక్తంలోని చక్కెరను అరగంటలోనే ప్రమాదకరంగా దించగలదు. ఎండుద్రాక్ష కలిసినదైతే అది మూత్రపిండాలకు వేరొక ముప్పు.

ఇక చేయరానివి. మనుషులకు చేసినట్లు ఉప్పునీళ్ళు పట్టించడం పాత అలవాటు. వాంతి కాకపోతే ఆ ఉప్పంతా రక్తంలో చేరి మెదడుకు హాని చేస్తుంది. ఈ వైద్యంతోనే చనిపోయిన కుక్కలున్నాయి. చింతపండు రసం అంతకంటె మేలు కాదు. ద్రాక్షపండు కుక్కకు విషం కావడానికి టార్టారిక్ ఆమ్లమే కారణమని 2021 నుంచి అమెరికా విషవైద్యులు అనుమానిస్తున్నారు. చింతపండులో ఆ ఆమ్లం సమృద్ధిగా ఉన్నది. పాలూ మజ్జిగా విషాన్ని విరవలేవు. కొన్ని దేశాలలో పశువైద్యులు ఫోనులో మోతాదు చెప్పి హైడ్రొజన్ పెరాక్సైడ్ పట్టిస్తారు. అది కడుపు గోడను పుండు చేయగలదు కనుక వైద్యుని మాట లేనిదే దాని జోలికి పోరాదు. గొంతులో వేలు పెట్టడం వల్ల వేలు గాయపడడం తప్ప ప్రయోజనం లేదు. పగ్ వంటి చప్పిడి మూతి కుక్కలలో వాంతి శ్వాసనాళంలోకి పోయే ప్రమాదం ఎక్కువ. వాటికి వాంతి చేయించాలో వద్దో వైద్యుడే నిర్ణయించాలి.

కోకో చెట్టు ఇప్పుడు తెలుగువారికి పరాయిది కాదు. 1798లో ఈస్టిండియా కంపెనీవారు తూర్పుదీవుల నుంచి మొక్కలు తెప్పించి తిరునల్వేలి ప్రాంతంలోని కుర్తాళంలో నాటించారు. కోకో నేడు ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో అంతరపంటగా విస్తారంగా పెరుగుతున్నది. దేశంలో కోకో దిగుబడికి ఈ రాష్ట్రమే ముందున్నది. తోటలో కాయ కోసి, గింజలను తీపిగుజ్జుతో సహా పెట్టెలలో అయిదారు రోజులు పులియబెట్టి, తరువాత కళ్ళంలో ఎండబోస్తారు. ఎండిన గింజ ఒకటి సుమారు ఒక గ్రాము తూగుతుంది; అందులో నూటికి ఒకటి రెండు పాళ్ళు థియోబ్రోమిన్. తోటకాపలా కుక్క పది కిలోలదైతే, ఇరవై గింజలు నమిలి మ్రింగినా 200 నుంచి 400 మిల్లీగ్రాములు దాని ఒంటిలో చేరినట్లే. గుజ్జు వాసనకు అది మూతిపెట్టే పెట్టె మీద మూతా, రాత్రి గింజల కుప్ప మీద పట్టా కప్పి ఉంచే రైతుకు ఈ లెక్క తెలియకపోయినా ఆ పని కుక్కకు మేలే చేస్తుంది.